వరి చేలో లింగాకర్షక బుట్టలు: కొట్లో దొరికేవాటిలో ఏది కొనాలి, ఎంతవరకు నమ్మాలి

దాళ్వా (రబీ వరి) ఊడ్పులు, అంటే నాట్లు, మొదలయ్యేసరికి తణుకు, రామచంద్రపురం, అమలాపురం చుట్టుపక్కల పురుగుమందుల కొట్లలో లింగాకర్షక బుట్టలు కట్టలు కట్టలుగా దిగుతాయి. ప్లాస్టిక్ మూత, దాని కింద గరాటు, గరాటుకి వేలాడే పొడవాటి పాలిథిన్ సంచీ. కొట్టు మీద కూర్చున్నాయన్ని అడిగితే రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. "ఇది పెట్టారంటే మందు కొట్టక్కర్లేదండి" అనేది ఒకటి. "ఇదంతా ఫొటోల కోసమండి, గుళికలు పట్టుకెళ్లండి" అనేది రెండోది. రెండూ తప్పే. ఈ బుట్ట కాండం తొలుచు పురుగును అదుపు చేసేంతగా చంపదు, మందు ఏ వారంలో వేయాలో చెబుతుంది. ఆ పనికి ఎకరాకు మూడు బుట్టలు కొంటే ఖర్చు గిట్టుబాటవుతుంది. చంపడానికని ఒక్క ఎకరంలో ఎనిమిదీ పదీ వేలాడదీస్తే డబ్బు దండగ. ఎందుకో తెలియాలంటే ముందు పురుగు సంగతి చూడాలి.

వరిని తొలిచే పురుగుల్లో గోదావరి డెల్టాలో ఎక్కువ చెరుపు చేసేది పసుపు రకం. శాస్త్రీయ నామం సిర్పోఫాగా ఇన్సెర్ట్యులాస్. 1863లో వాకర్ అనే ఇంగ్లండు కీటక శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. పాత వ్యవసాయ పుస్తకాల్లో ట్రైపోరైజా అన్న పేరుతో కనిపించేదీ ఇదే. దీని బతుకంతా వరి మీదే. ఊడ్పు నుంచి కోత దాకా, కోత అయ్యాక మోడుల్లో కూడా, వరి దుబ్బునే పట్టుకుని ఉంటుంది.

ఆడ రెక్కల పురుగును అందరూ గుర్తుపడతారు. పసుపుపచ్చ ముందు రెక్కలు, ఒక్కో రెక్క మధ్యన ఒక నల్ల చుక్క, పొట్ట చివర గోధుమరంగు నూగు కుచ్చు. రాత్రి లైటు కింద గోడ మీద వాలేది ఎక్కువగా ఇదే. మగది దానికన్నా చిన్నది. వెలిసిన గడ్డి రంగులో ఉంటుంది, నల్ల చుక్క స్పష్టంగా కనబడదు, రెక్క కొస నుంచి లోపలికి ఏటవాలుగా మసక గీత ఒకటి ఉంటుంది. బుట్టలో పడేది ఈ మగదే. ఎర అంటే ఆడ పురుగు వాసనకు నకలు, దానికి ఆడది రాదు. "సంచీలో ఒక్క పసుపు పురుగూ పడలేదు, ఎర నకిలీది" అని బుట్టలు వెనక్కి తెచ్చే రైతులు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. సంచీ విప్పి చూస్తే అడుగున గడ్డి రంగు మగ పురుగులు కుప్పగా ఉంటాయి. బుట్ట అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పే కొట్లు తక్కువ.

ఆడది ఆకు కొసకు దగ్గరగా గుడ్లను ఒకే కుప్పగా పెట్టి, పొట్ట చివరి నూగుతో కప్పేస్తుంది. చూడ్డానికి ఆకు మీద చిన్న కంబళి ముక్క అతికించినట్టు ఉంటుంది. గోరుతో ఆ నూగు గీకితే కింద తెల్లటి గుడ్లు ఒకదాన్నొకటి ఆనుకుని కనిపిస్తాయి. పొదగబోయే ముందు అవి నల్లబడతాయి. కుప్పకు పదిహేను నుంచి ఎనభై దాకా ఉండొచ్చు. అయిదు నుంచి ఎనిమిది రోజుల్లో పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్ల పురుగులు నూలుపోగు వదిలి గాలికి ఊగుతూ పక్క దుబ్బులకు చేరతాయి. ఆకుతొడుగు సందులోంచి కాండంలోకి దూరతాయి. సాధారణంగా ఒక పిలకలో ఒకటే మిగులుతుంది. లోపల నెలరోజులకు అటూఇటూ తిని, కాండం అడుగుభాగంలో కోశస్థ (ప్యూపా) దశకు వెళుతుంది. వెళ్లే ముందే రెక్కల పురుగు బయటపడటానికి కన్నం తొలిచి, పల్చటి పట్టు పొరతో మూసి ఉంచుకుంటుంది. బ్లేడుతో కాండాన్ని నిలువునా చీలిస్తే ఇదంతా కళ్లకు కడుతుంది.

మందు బాగా పనిచేసేది గుడ్డు పొదిగిన దగ్గర్నుంచి పురుగు కాండంలోకి దూరే లోపే. కాండంలోకి వెళ్లాక పైన కొట్టిన మందు దానికి తగలదు. మొవ్వు ఎండిపోయి కనబడేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే మొవ్వు చూసి మందు కొట్టేవాళ్లు ఎప్పుడూ ఒక వారం పది రోజులు వెనకబడే ఉంటారు. బుట్ట ఆ వారాన్ని ముందుగానే చెబుతుంది.

ఇక సరుకు విషయానికి వస్తే, ఎరే ముఖ్యం, బుట్ట దాని తర్వాతే. బుట్ట ఏ కంపెనీదైనా పెద్ద తేడా ఉండదు. ఎరలో ఉంటుంది తేడా అంతా.

ఎర అంటే చిన్న రబ్బరు బిరడా గానీ, ప్లాస్టిక్ గొట్టం గానీ. అందులో మిల్లీగ్రాముల్లో వాసన రసాయనం ఎక్కిస్తారు. పసుపు కాండం తొలుచు పురుగు వాసనలో ఉండేవి ఆల్డిహైడ్లు అనే జాతి రసాయనాలు రెండు: జెడ్-11-హెక్సాడెసినాల్, జెడ్-9-హెక్సాడెసినాల్. మొదటిది మూడు పాళ్లు, రెండోది ఒక పాలు. చిక్కేమిటంటే శనగపచ్చ పురుగు ఎరలోనూ ఇవే రెండు ఉంటాయి. అక్కడ లెక్క వేరు, 97 పాళ్లకు 3. ఒకే రసాయనాలు, పాళ్లు మారితే పురుగే మారిపోతుంది. బిరడా చూసి ఏది ఏ ఎరో కళ్లతో చెప్పలేం. కొట్లో అపరాల సీజన్‌కి తెచ్చిన శనగపచ్చ పురుగు ఎర మిగిలిపోయి, "బుట్టకి ఎరే కదండీ" అని వరి రైతు చేతిలో పెట్టేస్తే బుట్టలో వరి పురుగు పడదు. పొగాకు లద్దె పురుగు ఎర, మొక్కజొన్న కత్తెర పురుగు ఎర సంగతీ అంతే. అందుకని కవరు మీద పంట పేరు ఒక్కటి చూస్తే చాలదు, పురుగు పేరు చూడండి. సిర్పోఫాగా అని గానీ, వరి పసుపు కాండం తొలుచు పురుగు అని గానీ అచ్చయి ఉండాలి. బుట్టలో ముందే బిగించిన ఎర, కవరు లేని ఎర కొనొద్దు.

రెండోది తయారీ తేదీ. ఆల్డిహైడ్లు గాలికీ ఎండకీ తొందరగా చెడతాయి. అల్యూమినియం రేకు కవర్లో మూసి ఉన్నంతకాలం, అదీ చల్లగా ఉంటేనే, నిలవ ఉంటాయి. కొట్టు ముందు ఎండ తగిలే అద్దాల బీరువాలో వేలాడుతున్న ఎరల్ని కొనేకంటే ఊరుకోవడం నయం. "ఫ్రిజ్‌లో పెడతారా అండీ?" అని అడగండి. ఔనన్న కొట్టులోనే తీసుకోండి. ఇంటికి తెచ్చాక కూడా వాడని కవర్లు ఫ్రిజ్‌లోనే ఉండాలి. కవరు చింపింది ఆ పూటే చేలో పెట్టేయాలి.

ఎన్ని కొనాలి? 1010, 1121 లాంటి 120 రోజుల రకాల్లో ఊడ్చిన పది రోజులకు బుట్టలు పెడితే, కంకి ఈనడం పూర్తయ్యే వరకు సుమారు రెండు నెలలు చూసుకోవాలి. ఎర మూడు వారాలకు ఒకసారి మార్చాలి. అంటే బుట్టకు మూడు ఎరలు, ఎకరాకు తొమ్మిది. కొట్లో బుట్టతోపాటు ఒక్క ఎరే ఇస్తారు. అది మొదటి మూడు వారాలకు సరిపోతుంది, చిరుపొట్ట (కంకి కాండంలో రూపుకట్టే) దశకి పనికిరాదు. గింజ పట్టని తెల్లకంకి వచ్చేది చిరుపొట్టప్పుడు కాండంలోకి దూరిన పురుగు వల్లే. అసలు అవసరమైన వారాల్లో ఖాళీ బిరడా వేలాడుతుంటుంది. స్వర్ణ లాంటి 150 రోజుల సార్వా (ఖరీఫ్) రకానికి ఇంకో ఎర కలుపుకోవాలి.

బుట్టలు మూడు రకాలు దొరుకుతాయి. జిగురు అట్ట ఉండే త్రికోణం బుట్టను అంతటా డెల్టా ట్రాప్ అంటారు. ఈ డెల్టాకి మాత్రం అది నప్పదు. నాలుగు రోజులకే దుమ్ము, పురుగుల రెక్కల పొడి పట్టి జిగురు చస్తుంది, వాన జల్లు పడితే అట్ట ఉబ్బుతుంది. పురుగు ఎక్కువగా ఉన్న వారంలో అట్ట నిండిపోయి, ఆ తర్వాత వచ్చినవి అంటుకోవు. మనకు లెక్క కావాల్సింది సరిగ్గా ఆ వారంలోనే. సబ్బునీళ్ల పళ్లెం బుట్ట చౌకే, కానీ ఫిబ్రవరి ఎండల తర్వాత రెండు మూడు రోజులకోసారి నీళ్లు పోయాలి. ఊళ్లో ఉండని భూస్వామి, నాలుగుచోట్ల కౌలు చేసే రైతు దాన్ని చూసుకోలేరు. మిగిలింది గరాటు, సంచీ బుట్ట. వరికి ఇదే కొనండి.

కొనేటప్పుడు మూత తీసి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మూతకు, గరాటు అంచుకు మధ్య రెండు మూడు వేళ్లు పట్టేంత సందు ఉండాలి. కొన్ని చౌక బుట్టల్లో మూత గరాటు మీదకు దిగిపోతుంది, పురుగు దూరడానికి దారే ఉండదు. ఎర పెట్టే గూడు మూత మధ్యన, గరాటు నోటికి సరిగ్గా పైన ఉండాలి. సంచీ పల్చగా ఉంటే ఎండకు పెళుసెక్కి మార్చి వచ్చేసరికి చీలుతుంది. రెండు వేళ్ల మధ్య పట్టి లాగి చూస్తే తెలిసిపోతుంది. సంచీ అడుగు అతికేసి ఉన్నదానికంటే, తెరిచి ఉండి రబ్బరు బ్యాండుతో కట్టుకునేది మేలు, లెక్కపెట్టి దులపడం సులువు. అడుగున గుండుసూదితో నాలుగు కన్నాలు పొడవండి. లేకపోతే వాననీళ్లు నిలిచి పురుగులు కుళ్లిపోతాయి, లెక్కా తప్పుతుంది, వాసనా కొడుతుంది.

పెట్టడం దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గట్టు మీద నడుస్తూ చేయి చాపితే అందేలా పెడతారు చాలామంది. బుట్ట చేలో ఉండాలి, గట్టు నుంచి కనీసం నాలుగైదు మీటర్లు లోపల. సరుగుడు కర్ర గానీ వెదురు గానీ పాతి, ఎర పైరు కొసలకు ఒక అడుగు ఎత్తులో ఉండేలా కట్టాలి. పైరు పెరిగేకొద్దీ బుట్టనూ పైకి జరపాలి. ఊడ్చిన పది రోజులకు కట్టిన ఎత్తులోనే వదిలేస్తే, పొట్ట దశకి అది ఆకుల్లో మునిగిపోతుంది, వాసన బయటికి పోదు. కర్రకు ముందే రెండు మూడు చోట్ల గాటు పెట్టుకుంటే తాడు జరపడం నిమిషం పని. మూడు బుట్టల్నీ ఒక మూలకు చేర్చకుండా ఎకరంలో త్రికోణంగా, పాతిక మీటర్లకు తగ్గకుండా ఎడంగా పెట్టండి.

ఎరను చేత్తో తాకొద్దు. ముఖ్యంగా గుళికలు చల్లిన చేత్తో, పొగాకు నలిపిన చేత్తో. కవరునే తొడుగులా పట్టుకుని గూట్లోకి దింపొచ్చు. వాడేసిన పాత ఎరల్ని చేలో పారేయొద్దు. వాటి నుంచి కాస్తోకూస్తో వాసన వస్తూనే ఉండి మగ పురుగుల్ని పక్కదారి పట్టిస్తుంది. పోగుచేసి ఊరవతల పూడ్చండి.

చెరువుల పక్క చేలకు ఇంకో ఇబ్బంది ఉంది. భీమవరం, ఉండి ఊళ్ల వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రంతా లైట్లు వెలుగుతాయి. ఈ పురుగు ఆడా మగా రెండూ వెలుతురుకు పోతాయి. అలాంటి లైటుకు దగ్గరున్న బుట్టలో లెక్క తక్కువ చూపించొచ్చు, చేలో పురుగు తక్కువని దానర్థం కాదు. అక్కడ ఆ లైట్ల కిందే పొద్దున్నే ఒకసారి చూసి, నల్ల చుక్క ఆడ పురుగుల్ని లెక్కపెట్టుకోవడం మంచిది. చీమలది ఇంకో బాధ. సంచీలో చచ్చిన పురుగుల్ని మోసుకుపోయి రెక్కలే మిగులుస్తాయి. కర్రకు అడుగున గ్రీజు పట్టీ రాస్తే ఆగుతాయి.

లెక్క వారానికి ఒకసారి, ఒకే రోజున. బుట్టకు వారంలో 25 నుంచి 30 మగ పురుగులు పడితే అది హెచ్చరిక కింద లెక్క. ఒక్క బుట్టలో పడితే తొందరపడక్కర్లేదు, మూడింటి సగటు చూడండి. అంకెకన్నా దాని నడక ముఖ్యం: అయిదు, పన్నెండు, ముప్పై అంటూ పెరుగుతుంటే ఆడ పురుగులు అప్పుడే గుడ్లు పెడుతున్నట్టు. ఆ వారమే చేలోకి దిగి ఆకు కొసలు చూడాలి. చదరపు మీటరుకు ఒక గుడ్ల కుప్ప గానీ, ఒక రెక్కల పురుగు గానీ కనబడితే చర్య తీసుకోవాల్సిందే. కుప్పలు గీకి చూస్తే తెల్లగా ఉన్నాయా, నల్లబడ్డాయా అన్నదాన్నిబట్టి ఎన్ని రోజులు చేతిలో ఉన్నాయో తెలుస్తుంది.

తెల్లగా ఉంటే ట్రైకోగ్రామా కార్డులకు అదే అదను. ట్రైకోగ్రామా అంటే పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని చంపే అతిచిన్న కందిరీగ. కాండం తొలుచు పురుగుకు జపానికమ్ రకం అడగండి, కైలోనిస్ రకం ఆకుముడత పురుగుకి. ఎకరాకు ఇరవై వేల గుడ్ల కార్డును ముక్కలు చేసి, సాయంత్రం పూట ఆకుల అడుగున పిన్ను కొట్టాలి. వారం ఎడంతో మూడుసార్లు. కార్డు కట్టాక వారంలోపు పురుగుమందు కొడితే ఆ ఖర్చు వృథా.

గుడ్లు నల్లబడ్డా, బుట్టల్లో లెక్క దిగకపోయినా మందు తప్పదు. పిలక దశలో కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జీ గుళికలు ఎకరాకు 8 కిలోలు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 శాతం గుళికలు 4 కిలోలు, ఇసుకలో కలిపి, పల్చగా నీరుంచి చల్లాలి. రెండు మూడు రోజులు నీళ్లు బయటికి తీయొద్దు. చిరుపొట్ట దశలో పిచికారీ: కార్టాప్ 50 ఎస్పీ ఎకరాకు 400 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్సీ 60 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో. చౌకని సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే వరి దుబ్బు రసం పీల్చే సుడిదోమ ఉద్ధృతమవుతుంది, ఒకదాని బదులు ఇంకోటి. చేపల, రొయ్యల చెరువుకి ఆనుకున్న చేలో మందు వేసిన నీరు బోదె (పంట కాలువ)లోకి పోకుండా తూము మూయాలి. కార్టాప్ చేపలకు, క్లోరాంట్రానిలిప్రోల్ నీటిలోని చిన్న జీవులకు చెడ్డవి. బుట్ట లెక్కనుబట్టి అవసరం లేని ఒక విడత మందు మానుకుంటే చెరువు రైతుతో తగువూ తప్పుతుంది.

బుట్టలో ఏమీ పడకుండానే మొవ్వులు ఎండుతుంటే ఎరను తిట్టేముందు మొవ్వు పీకి చూడండి. కాండం తొలుచు పురుగైతే మొవ్వు తేలిగ్గా ఊడి వస్తుంది, అడుగున కొరికిన గుర్తు ఉంటుంది. కాండం చీలిస్తే తెల్లటి లేత పసుపు పురుగు ఉంటే ఎరలో లోపం ఉండొచ్చు. గులాబి రంగు పురుగు కనిపిస్తే అది వేరే జాతి, ఈ ఎరకు రాదు. మొవ్వు బదులు ఉల్లికాడలా గొట్టం వస్తే అది ఉల్లికోడు అనే వేరే పురుగు పని. కంకి దశలోనూ అంతే. తెల్లబడ్డ కంకి లాగగానే వస్తే పురుగు, రాకుండా మెడ దగ్గర నల్లగా ఉంటే మెడవిరుపు తెగులు. తెల్లకంకి కనబడ్డాక మాత్రం ఏ మందూ దాన్ని నింపలేదు. ఆ సమయంలో కొట్లో ఇచ్చే మందు తీసుకోవద్దు.

ఇప్పుడు ఎకరాకు ఎనిమిది బుట్టల సంగతి. మగ పురుగుల్ని పట్టేసి సంతతి ఆపడానికి ఆ లెక్కన సిఫార్సు ఉంది, తప్పేం కాదు. కానీ మిగిలిన ఒక్కో మగ పురుగూ ఒకటి కంటే ఎక్కువ ఆడవాటితో జతకడుతుంది. పక్క చేలో జతకట్టిన ఆడది గట్టు దాటొచ్చి మన చేలో గుడ్లు పెడుతుంది, ఎరకు అది పడదు. ఒక బోదె కింద ఆయకట్టంతా ఒకేసారి ఊడ్చి, అందరూ ఒకే వారంలో బుట్టలు పెడితే ఫలితం ఉంటుంది. రైతు సేవా కేంద్రం ద్వారా అందరూ కలిసి తీసుకునే ఊళ్లో అయితే ఎనిమిది పెట్టండి. ఒక్కరే అయితే మూడుతో ఆగి, మిగతా డబ్బు ట్రైకో కార్డులకు వాడండి.

బుట్టతో పనిలేని రెండు పనులు కూడా దీనికి జతచేయాలి. నాటే ముందు నారు కొసలు తుంచితే, నారుమడిలోనే ఆకు కొసల మీద పెట్టిన గుడ్లు ఊడ్పుతో చేలోకి రావు. నారుకి ఎండాకు తెగులు ఉంటే మాత్రం తుంచొద్దు, కోసిన గాయాల్లోంచి తెగులు పాకుతుంది. రెండోది కోత. మిషన్ కోసిన చేలో మోడు ఎత్తుగా మిగులుతుంది, ఎదిగిన పురుగు దాని అడుగునే నిద్రావస్థలో ఉండిపోతుంది. సార్వా కోతయ్యాక వెంటనే దమ్ము చేసి మోడును బురదలో కలిపేస్తే దాళ్వాకు వచ్చే మొదటి దండు తగ్గుతుంది. మోడు మీదే మినుము చల్లే చేలల్లో ఆ అవకాశం ఉండదు. ఆ పక్కన దాళ్వా వేసేవాళ్లు బుట్టలు ఒక వారం ముందుగానే కట్టుకోవాలి.

సీజన్ అయ్యాక గరాటు, మూత సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెడితే మరో రెండు మూడు పంటలకు వస్తాయి. సంచీలు మాత్రం ఏటా కొత్తవి కొనండి, విడిగా కూడా అమ్ముతారు. వేరే పురుగు ఎర వాడిన మూతను వరికి మార్చేటప్పుడు ఎర గూడు దగ్గర బాగా తోమాలి, పాత వాసన ఆ ప్లాస్టిక్‌కి పట్టి ఉంటుంది.